గడ్డకట్టే వాన కురిసే తెల్లవారుజామున 22 కిలోమీటర్లు కారు నడపాలి: తెలిసినవారు చెప్పగలరు

తొలిపొద్దు (సోమవారం, రాత్రి 8:40)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మా ప్రాంతంలో చలికాలమంటే ఉదయం పూట ఒక స్వెట్టరు వేసుకోవడమే. రోడ్డు మీద నీరు గడ్డకట్టడాన్ని పదేళ్లలో ఒకటి రెండు సార్లకు మించి చూసినవారు ఇక్కడ లేరు. అందువల్ల ఎవరి కారుకూ చలికాలపు టైర్లు ఉండవు, రోడ్డు మీది ఐసు కరగడానికి ఉప్పు చల్లే బళ్లు కూడా తక్కువ.

పోయిన వారం తెల్లవారుజామున విధికి వెళుతుండగా ఒక వంతెన మీద నా కారు అడ్డం తిరిగింది. ఆకాశం నిర్మలంగా ఉంది, వాన లేదు, మంచు కనబడలేదు, కారులోని ఉష్ణోగ్రత సూచిక 2 డిగ్రీలు చూపిస్తోంది. ముందున్న కారు బ్రేకు దీపాలు వెలిగితే నేనూ బ్రేకు నొక్కాను, అంతే. కారు వెనుక భాగం నెమ్మదిగా ఎడమకు జరిగి, నేను పక్కగోడకు అభిముఖంగా ఆగాను. ఎవరికీ ఏమీ కాలేదు గాని, ఆ రెండు మూడు క్షణాలు స్టీరింగు నా చేతిలో ఉండి కూడా నాది కాకుండా పోయిన భావన ఇంకా వదలలేదు.

బుధవారం తెల్లవారుజామున గడ్డకట్టే వాన (నేలను తాకగానే ఐసుగా మారే వాన) పడుతుందని వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చింది. ఉదయం 6 గంటలకు నేను విధిలో ఉండాలి. దూరం 22 కిలోమీటర్లు, దారిలో మూడు వంతెనలు. మానుకోవడానికి వీలుపడని ఉద్యోగం. నేను ఆ రోజు చేసిన తప్పేమిటి, బుధవారం ఏం చేయాలి అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

హిమతీరం (సోమవారం, రాత్రి 9:25)

తొలిపొద్దు గారికి, మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. 18 ఏళ్లుగా సంవత్సరంలో అయిదు నెలలు మంచు ఉండే చోట కారు నడుపుతున్నాను. మొదటి రెండేళ్లలో మీకు జరిగినది నాకూ జరిగింది.

ముందుగా ఒక మాట. తెలుగులో మనం తెల్లవారి కమ్ముకొనేదాన్నీ, ఆకుల మీద నిలిచేదాన్నీ, ఆకాశం నుంచి దూదిలా రాలేదాన్నీ, రాయిలా గట్టిపడినదాన్నీ మంచు అనే అంటాం. కాని వాహనం నడిపేవారికి ఇవన్నీ వేర్వేరు. పొడిగా రాలిన మంచు మీద టైరుకు కొంత పట్టు ఉంటుంది. అది కంటికి కనబడుతుంది, మనిషిని జాగ్రత్తపడేలా చేస్తుంది. ఐసు పొర అలా కాదు. మీ వంతెన మీద ఉన్నది, అందరూ బ్లాక్ ఐస్ అనేది, నిజానికి నల్లనిది కాదు. గాజులా పారదర్శకంగా ఉండి కింది తారు రంగును చూపిస్తుంది. చీకట్లో దాన్ని తడిసిన రోడ్డు అనుకుంటాం.

కొన్ని అంకెలు చూడండి. పొడి తారు రోడ్డు మీద టైరు పట్టును కొలిచే ఘర్షణ గుణకం సుమారు 0.7 ఉంటుంది, అణిగిన మంచు మీద 0.2 నుంచి 0.3 వరకు, ఐసు మీద 0.1 లేదా అంతకంటె తక్కువ. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతూ బ్రేకు వేస్తే పొడి రోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగే కారు, ఐసు మీద దాదాపు 100 మీటర్లు జారుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో కూడా 35 మీటర్లు పడుతుంది. ఇందులో బ్రేకు వేయాలని మనకు తోచడానికి పట్టే సమయం కలపలేదు.

ఆ ఉన్న కొద్దిపాటి పట్టునే బ్రేకు వేయడానికీ, మలుపు తిప్పడానికీ, వేగం పెంచడానికీ పంచుకోవాలి. మొత్తం బ్రేకుకే ఖర్చు చేస్తే తిప్పడానికి ఏమీ మిగలదు. వంతెన మీద జరిగింది అదే. అందువల్ల మీరు చేసిన తప్పు బ్రేకు నొక్కడం కాదు. వంతెన ఎక్కకముందే వేగం తగ్గించి, దాని మీద కాళ్లూ చేతులూ కదపకుండా దాటవలసింది. అది తెలియనివారికి ఎలా తోస్తుంది?

నాలుగుచక్రాలు (సోమవారం, రాత్రి 9:50)

నా అభిప్రాయం కొంచెం వేరు. నా బండికి నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతుంది. రెండేళ్ల క్రితం ఇలాంటి రోజునే ఊరంతా ఆగిపోతే నేను మాత్రం ఎక్కడా ఇరుక్కోకుండా ఇల్లు చేరాను. తొలిపొద్దు గారు ఎవరిదైనా అటువంటి బండి అడిగి తీసుకొని, టైర్లలో గాలి కొంత తగ్గించి, నెమ్మదిగా వెళితే భయపడవలసింది లేదని నా అనుభవం.

పానాపట్టకారు (సోమవారం, రాత్రి 10:30)

30 ఏళ్లుగా బళ్లు బాగుచేసేవాడిగా, నాలుగుచక్రాలు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే, ఈ సలహా ప్రమాదకరమని చెప్పక తప్పదు. నాలుగు చక్రాలకూ శక్తి అందడం వల్ల బండి కదలడం, ఎత్తు ఎక్కడం సులభమవుతాయి. ఆపడంలో మాత్రం దానివల్ల ఒక్క మీటరు కూడా లాభం లేదు, ఎందుకంటే బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాల మీదే పనిచేస్తాయి. పైపెచ్చు అటువంటి బళ్లు బరువైనవి. సులువుగా వేగం అందుకొంటుంది గనుక రోడ్డు బాగానే ఉందని నడిపేవారు నమ్ముతారు; నిజం మొదటి బ్రేకు దగ్గర బయటపడుతుంది. మంచు రోజున కాలువలో పడిన బళ్లను లాగడానికి వెళ్లినప్పుడు నేను చూసినవాటిలో ఇలాంటివి తక్కువ కాదు.

గాలి తగ్గించడం ఇసుకలోనూ లోతైన మెత్తటి మంచులోనూ ఇరుక్కున్నప్పుడు చేసే ఉపాయం. ఐసు రోడ్డు మీద అది వద్దు. అసలు చలికి గాలి తనంతట తానే తగ్గుతుంది: ఉష్ణోగ్రత 5 లేదా 6 డిగ్రీలు పడిపోయినప్పుడల్లా సుమారు ఒక పీఎస్ఐ (టైరులోని గాలి ఒత్తిడి కొలత) పోతుంది. మీ ఊళ్లో నాలుగు రోజుల క్రితం 22 డిగ్రీలుండి ఇప్పుడు సున్నాకు వస్తే నాలుగు పీఎస్ఐ దాకా తగ్గి ఉంటుంది. రేపే గాలి చూపించి, కారు తలుపు పక్కన అంటించిన చీటీలోని అంకెకు నింపించండి.

టైర్ల విషయానికొస్తే, మామూలు వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద గట్టిపడడం మొదలుపెడుతుంది. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగానే ఉంటుంది, దాని మీద సన్నటి గాట్లు వందల కొద్దీ ఉంటాయి. పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పలుక గుర్తు ఉంటే అది పరీక్షలో నెగ్గిన టైరు. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న అక్షరాలు మాత్రమే ఉంటే, అవి తయారీదారు తన గాడుల నమూనాను బట్టి వేసుకున్నవి. వాటిని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. రెండు రోజుల కోసం మీరు టైర్లు కొనరని నాకు తెలుసు. కాని మీ టైర్లు అరిగిపోయి ఉంటే ఈ చర్చలో మిగతా సలహాలేవీ మిమ్మల్ని కాపాడలేవు.

మరికొన్ని సంగతులు. బ్యాటరీ సున్నా డిగ్రీల వద్ద తన బలంలో సుమారు మూడో వంతు కోల్పోతుంది, మైనస్ 18 వద్ద సగానికి మించి పోతుంది. నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే రేపు పరీక్ష చేయించండి. రేడియేటరులో మీ ఊరివారు తరచు మామూలు నీళ్లు పోస్తారు, అది గడ్డకడితే ఇంజను పగిలే ప్రమాదం ఉంది. కూలెంటు, నీరు సమపాళ్లలో ఉంటే మైనస్ 37 వరకు గడ్డకట్టదు. అద్దం కడిగే ట్యాంకులోనూ మామూలు నీరు ఉండకూడదు, అద్దం మీద పడగానే పొరకట్టి ఏమీ కనబడదు. రాత్రి వైపరు కర్రలను అద్దం నుంచి పైకెత్తి ఉంచండి. ఉదయం అద్దం మీద ఐసు ఉంటే వేడినీళ్లు మాత్రం పోయవద్దు, అద్దం పగులుతుంది. పగలకపోయినా ఆ నీరే మళ్లీ గడ్డకడుతుంది. హీటరు పెట్టి, ప్లాస్టిక్ గీకుడు పలకతో ఓపికగా గీకండి. చూడడానికి చిన్న కిటికీ అంత చోటు గీకి బయలుదేరేవారిని చాలామందిని చూశాను, దయచేసి అలా చేయవద్దు. కారు పైకప్పు మీది ఐసు పలకను కూడా తీసేయండి. మొదటి బ్రేకుకే అది జారి ముందు అద్దాన్ని కప్పేస్తుంది.

వంతెనలలెక్క (మంగళవారం, ఉదయం 7:15)

రోడ్లు, వంతెనలు కట్టే ఇంజనీరును. సూచిక 2 డిగ్రీలు చూపిస్తుంటే ఐసు ఎలా వచ్చిందన్నదానికి ఎవరూ ఇంకా సమాధానం చెప్పలేదు గనుక రాస్తున్నాను.

కారులోని సూచిక కొలిచేది బంపరు దగ్గరి గాలి ఉష్ణోగ్రతను, రోడ్డు ఉపరితలాన్ని కాదు. మేఘాలు లేని నిశ్చలమైన రాత్రి రోడ్డు తన వేడిని ఆకాశంలోకి వెదజల్లుకొని, పైనున్న గాలి కంటె రెండు మూడు డిగ్రీలు ఎక్కువగా చల్లబడుతుంది. గాలిలోని తేమ దాని మీద చేరి అక్కడే గడ్డకడుతుంది. అందుకే మేం 3 డిగ్రీలు కనబడగానే సున్నా అనే అనుకోవాలని చెబుతాం. మామూలు రోడ్డుకు కింద నేల ఉంటుంది, పగలు దాచుకున్న వేడి రాత్రి నెమ్మదిగా పైకి వస్తూ ఉంటుంది. వంతెనకు ఆ ఆసరా లేదు; పైనా కిందా చలిగాలే. కాబట్టి అది ముందుగా గడ్డకడుతుంది. చెట్ల నీడన ఉన్న మలుపులు, కొండ ఉత్తరపు వాలు, పొలాల నీరు రోడ్డు మీదికి ఊరే చోట్లు కూడా ఇంతే.

బుధవారం రాబోయేది ఇంకొక రకం. నేలకు దగ్గరగా సున్నా కంటె చల్లని గాలి పలుచగా పరచుకొని, దానిపైన వెచ్చని గాలి పొర ఉన్నప్పుడు వాన చినుకులు పైన కరిగిన స్థితిలో పడతాయి. కింద పొరలో సున్నా కంటె చల్లబడతాయి గాని గడ్డకట్టడానికి వ్యవధి చాలదు. నేలనో కొమ్మనో తీగనో తాకిన క్షణంలో ఐసైపోతాయి. ఆ చల్లని పొర మందంగా ఉంటే చినుకులు దారిలోనే గడ్డకట్టి గింజల్లా రాలుతాయి, దాన్ని స్లీట్ అంటారు. అది కొంత నయం. హెచ్చరికలో ఈ రెంటిలో ఏ మాట ఉందో గమనించండి. గడ్డకట్టే వాన అని ఉంటే చెట్టుకొమ్మలు విరిగి పడడం, కరెంటు పోవడం కూడా ఎదురుచూడవలసినవే. కెనడా తూర్పు భాగంలో, అమెరికా ఈశాన్యంలో 1998 జనవరిలో వచ్చిన ఐసు తుపానులో లక్షలాది ఇళ్లు రోజులూ వారాలూ చీకట్లో ఉండిపోయాయి.

ఉప్పు మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఉప్పునీరు మంచినీటి కంటె తక్కువ ఉష్ణోగ్రతలో గడ్డకడుతుంది, సరైన పాళ్లలో కలిస్తే మైనస్ 21 వరకూ కట్టదు. ఇది ప్రయోగశాల లెక్క. రోడ్డు మీద మైనస్ 9 దాటితే మామూలు ఉప్పు బాగా నెమ్మదిస్తుంది. పైగా చల్లిన వెంటనే పనిచేయదు, వాన వస్తే కొట్టుకుపోతుంది. ఉప్పు బండి వెళ్లిన దారి అంటే ఐసు లేని దారి అని కాదు.

కొత్తసభ్యుడు (మంగళవారం, ఉదయం 8:05)

జారుతున్నప్పుడు బ్రేకును వదిలి వదిలి నొక్కాలని మా నాన్నగారు నేర్పారు. ఇప్పటి కార్లలో కూడా అలాగే చేయాలా?

దూరబాట (మంగళవారం, ఉదయం 9:40)

మీ నాన్నగారు నేర్పినది ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే అమరిక) లేని బండికి సరైనదే. ఏబీఎస్ ఉన్న బండిలో ఆ పని యంత్రమే సెకనుకు ఎన్నోసార్లు చేస్తుంది గనుక, ఆపవలసి వస్తే గట్టిగా తొక్కి పట్టి ఉంచాలి. పాదం కింద గడగడ వణుకు, చప్పుడు వస్తాయి. చాలామంది బ్రేకు విరిగిందేమోనని కాలు తీసేస్తారు. తీయకండి. అయితే రోడ్డు మీద లేని పట్టును ఏబీఎస్ పుట్టించలేదు, బ్రేకు వేస్తూనే స్టీరింగు తిప్పే అవకాశాన్ని మాత్రం నిలబెడుతుంది.

పెద్ద లారీలు నడుపుతాను. మంచు దేశాల దారుల్లో 11 శీతాకాలాలు గడిచాయి. తొలిపొద్దు గారు అడిగినవాటిలో నడపడానికి సంబంధించినవి చెబుతాను.

ఐసు మీద నేర్పరితనం అంటే జారిన బండిని దారికి తేవడం అనుకుంటారు. జారకముందే ఐసును గుర్తుపట్టడమే నేర్పరితనం. రోడ్డు తడిగా మెరుస్తోంది గాని ముందు వెళ్లే బళ్ల చక్రాల నుంచి నీటి తుంపర లేవడం లేదంటే అది నీరు కాదు. టైర్ల చప్పుడు ఉన్నట్టుండి తగ్గి నిశ్శబ్దమైతే, స్టీరింగు చేతిలో తేలికైపోతే, మీరు ఐసు మీద ఉన్నారు. రేడియో ఆపేసి నడపమని నేను చెప్పేది ఇందుకే. అప్పుడు చేయవలసింది యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీయడం, స్టీరింగును తిన్నగా పట్టుకొని ఉండడం. అంతే. ఇంకేదైనా చేయాలని కాలికీ చేతికీ తోస్తుంది, దాన్ని ఆపుకోవడం కష్టమైన పని.

వెనుక భాగం పక్కకు జారితే మీరు వెళ్లదలచిన వైపు చూడండి, చేతులు చూపును అనుసరిస్తాయి. గోడను చూస్తే గోడ దగ్గరికే వెళతారు. కారు తిరిగి తిన్నగా వస్తున్నప్పుడు స్టీరింగును కూడా వెంటనే తిన్నగా చేయాలి, లేకపోతే రెండో వైపుకు మరింత గట్టిగా విసురుతుంది. ముందు చక్రాలు జారి కారు మలుపు తిరగకుండా తిన్నగా పోతుంటే చాలామంది స్టీరింగును ఇంకా తిప్పుతారు, అది పనికిరాదు. తిప్పినదాన్ని కొంచెం వెనక్కి తీసుకొని, కాలు తీసేసి, టైరుకు మళ్లీ పట్టు దొరికేదాకా ఓర్చుకోవాలి.

ముందు బండికి మీకు మధ్య 8 నుంచి 10 సెకన్ల దూరం ఉంచండి. ఆ ఖాళీలోకి ఎవరైనా చొరబడితే మళ్లీ వెనక్కి తగ్గండి. క్రూజ్ కంట్రోల్ వాడవద్దు, చక్రం జారుతున్నా అది వేగం నిలబెట్టడానికి చూస్తుంది. గేరు బండి అయితే రెండో గేరులో కదలండి. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు బండి పైకి చేరేదాకా కిందే ఆగండి, మధ్యలో ఆగితే మళ్లీ కదలడం కుదరకపోవచ్చు. లారీల పక్కన నడపకండి. మేం మీకంటె చాలా దూరం తీసుకొని ఆగుతాం, మా వెనుక ట్రైలరు ఎటు తిరుగుతుందో మాకే తెలియని సందర్భాలు ఉంటాయి.

ఒకవేళ దారిలో చిక్కుకుపోతే కారులోనే ఉండండి. దుప్పటి, టార్చి, తాగే నీరు, పూర్తిగా ఛార్జి చేసిన ఫోను, చిన్న పార, ఒక సంచి ఇసుక వెనుక పెట్టుకోండి. సగం ట్యాంకు కంటె తక్కువ ఇంధనంతో బయలుదేరకండి. మంచు పేరుకొని పొగగొట్టం మూసుకుపోయిన కారులో ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ముందు గొట్టం చుట్టూ శుభ్రం చేసి, గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజను నడిపి, గాలి తగలని వైపున్న అద్దం కొంచెం దించి ఉంచండి. కరెంటు తీగ కారు మీద పడితే దిగవద్దు. నిప్పంటుకొని దిగక తప్పకపోతే కారునూ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ జోడించి దూకి, పాదాలు నేల మీద నుంచి ఎత్తకుండా చిన్నగా జరుగుతూ దూరం వెళ్లండి.

మెరుపుబండి (మంగళవారం, ఉదయం 11:20)

విద్యుత్తు కారు ఉన్నవారి కోసం ఒక చిన్న చేర్పు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో చేసిన పరీక్షల్లో, సుమారు మైనస్ 7 డిగ్రీల చలిలో హీటరు వేసుకొని నడిపితే ఒక్క ఛార్జింగుతో వెళ్లగల దూరం సగటున 41 శాతం తగ్గింది. కారు ఛార్జింగుకు తగిలించి ఉండగానే లోపలి గదిని వెచ్చబరచుకొని బయలుదేరితే ఈ నష్టం కొంత తగ్గుతుంది. యాక్సిలరేటరు వదలగానే కారు తనంతట తానే వేగం తగ్గించుకొనే అమరికను ఐసు మీద కనిష్ఠానికి మార్చుకోండి. లేకపోతే కాలు తీయడమే బ్రేకు వేసినట్టవుతుంది.

తొలిపొద్దు (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. భోజన విరామంలో రెండుసార్లు చదివాను. గాలి చూపించాను, రెండు టైర్లలో మూడేసి పీఎస్ఐ తక్కువగా ఉంది. బ్యాటరీ బాగానే ఉందన్నారు.

కాని చదువుతున్నకొద్దీ వేరే ప్రశ్న మొదలైంది. ఇవన్నీ పాటించినా, మామూలు టైర్లతో, మూడు వంతెనలు దాటి, చీకట్లో, గడ్డకట్టే వానలో 22 కిలోమీటర్లు వెళ్లడం అసలు సబబేనా? నేను మానేస్తే రాత్రంతా పనిచేసిన మరొక నర్సు ఇంటికి వెళ్లలేదు. ఆ సంగతి తెలిసి ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదు. హిమతీరం గారూ, మీరైతే ఏం చేసేవారు?

హిమతీరం (మంగళవారం, మధ్యాహ్నం 2:00)

మీరు అడగకపోతే నేనే రాయాలనుకున్నాను. గడ్డకట్టే వాన పడుతుండగా 18 ఏళ్ల అనుభవం, మంచి టైర్లు ఉన్న నేనే కారు తీయను. మా దగ్గర రోడ్లు చూసే ఉద్యోగులు కూడా ఆ మాటే చెబుతారు.

2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున అమెరికాలో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్ నగరంలో జరిగినది మీ పరిస్థితికి చాలా దగ్గరగా ఉంది. సన్నగా గడ్డకట్టే వాన పడి హైవే మీద పొర కట్టింది. మొదట ఒకటి రెండు బళ్లు జారి ఆగితే, వాటిని చూసి కూడా ఆగలేక వెనుకవి ఒకదాని మీదికొకటి వచ్చాయి. 130కి పైగా వాహనాలు కుప్పపడ్డాయి, ఆరుగురు మరణించారు. చిక్కుకున్నవారిలో విధికి వెళ్లే, విధి నుంచి వచ్చే ఆసుపత్రి ఉద్యోగులు చాలామంది ఉన్నారు. వారు మీలాంటివారే, పని మానలేని మనుషులు. వెనుక వచ్చేవాడు నేర్పరి కాకపోతే మన నేర్పు మనల్ని కాపాడదు, అక్కడ అందరూ ఒకే ఐసు మీద ఉన్నారు.

అందువల్ల ప్రయాణం మానుకోమనడం లేదు, దాని సమయం మార్చుకోమంటున్నాను. హెచ్చరిక అర్ధరాత్రి తరువాత మొదలవుతుంది. ఈ సాయంత్రం రోడ్లు పొడిగా ఉండగానే ఆసుపత్రికి వెళ్లి అక్కడే పడుకోవడం కుదురుతుందేమో అడగండి. మంచు ప్రాంతాల ఆసుపత్రుల్లో ఇది మామూలు ఏర్పాటు, మీ పైఅధికారికి తోచి ఉండకపోవచ్చు. అందరూ ఒకేసారి బయలుదేరడం కూడా ప్రమాదమే. 2014 జనవరి 28న అమెరికాలోని అట్లాంటాలో పడినది ఆరేడు సెంటీమీటర్ల మంచే. కాని కార్యాలయాలు, బడులు ఒకే సమయంలో వదిలేయడంతో రోడ్లన్నీ నిండిపోయి, ఉప్పు బళ్లు కదలడానికి కూడా చోటు లేక, వేలాది మంది రాత్రంతా కార్లలో గడిపారు. పిల్లలు బడుల్లోనే నిద్రపోయారు.

ఇంకొకటి. ఈ చలి దాటాక ఒక ఉదయం ఖాళీ మైదానంలో ఐసు మిగిలి ఉంటే, స్తంభాలూ కార్లూ లేని చోట, గంటకు 15 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేసి చూడండి. పాదం కింద ఆ వణుకును ఒకసారి ఎరిగి ఉంటే రోడ్డు మీద కాలు తీయరు.

నాలుగుచక్రాలు (మంగళవారం, సాయంత్రం 6:35)

పానాపట్టకారు గారి మాట మనసులో తొలుస్తూ ఉంటే, మా గోదాము వెనుక నీళ్లు పారి గడ్డకట్టిన గచ్చు మీద ఈ ఉదయం నా బండిని పరీక్షించాను. కదలడం నిజంగానే సులువు. 20 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే మాత్రం నేను గుర్తు పెట్టుకున్న డబ్బాను దాటి చాలా దూరం వెళ్లాను. రెండేళ్ల క్రితం నేను క్షేమంగా చేరడానికి కారణం బండి కాదని, దారిలో ఆగవలసిన అవసరం రాకపోవడమేనని ఇప్పుడు అనిపిస్తోంది. గాలి తగ్గించమన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. తొలిపొద్దు గారు దాన్ని పాటించలేదు, అది నా అదృష్టం.

తొలిపొద్దు (మంగళవారం, రాత్రి 9:15)

ఆసుపత్రి నుంచే రాస్తున్నాను. మా పర్యవేక్షకురాలికి విషయం చెప్పగానే ఖాళీగా ఉన్న ఒక వార్డును ఉదయం విధివారికి తెరిపించారు. నాతోపాటు మరో 11 మంది దుప్పట్లు తెచ్చుకొని వచ్చేశారు. రేపు రాత్రి విధివారు కూడా పగటి వెలుగు ఉండగానే వచ్చేలా మాట్లాడుకున్నాం.

తొలిపొద్దు (బుధవారం, ఉదయం 7:50)

తెల్లవారు నాలుగున్నరకు చినుకులు మొదలయ్యాయి. కిటికీలోంచి చూస్తే ఆవరణలోని చెట్లు గాజు తొడుగు వేసుకున్నట్టు ఉన్నాయి, ఉండి ఉండి కొమ్మ విరిగే చప్పుడు వినబడుతోంది. అంబులెన్సు దిగి పది అడుగులు నడవబోయి ఒక సహాయకుడు పడ్డాడు, మణికట్టు విరిగింది. ఇప్పటికి అత్యవసర విభాగానికి వచ్చినవారిలో కారు ప్రమాదాల కంటె ఇంటి మెట్ల మీద, వాకిట్లో జారిపడినవారే ఎక్కువ. చేతులు జేబుల్లో పెట్టుకోకుండా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా చిన్న చిన్న అడుగులు వేయమని, శరీరం బరువు ముందున్న పాదం మీదే ఉంచమని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాం.

గురువారం ఇంటికి వెళ్లాలి. ఎప్పుడు బయలుదేరడం మంచిది?

వంతెనలలెక్క (బుధవారం, ఉదయం 10:30)

ఈ మధ్యాహ్నం కొంత కరుగుతుంది, దాన్ని నమ్మవద్దు. కరిగిన నీరే సూర్యాస్తమయం తరువాత మళ్లీ గడ్డకట్టి, వానలో కట్టిన పొర కంటె నున్నగా తయారవుతుంది. అదీగాక సున్నాకు దగ్గరగా ఉండి పైన పలుచని నీటి పొర ఉన్న ఐసు, మైనస్ 20లోని పొడి ఐసు కంటె చాలా ఎక్కువగా జారుతుంది. గడ్డకట్టిన మంచు ఉపరితలం మీద సన్నని ద్రవపు పొర ఉంటుందని శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే 1850లోనే సూచించారు. గురువారం 11 గంటలు దాటాక, రెండు మూడు గంటలు ఎండ కాసిన తరువాత బయలుదేరండి. సూచిక 5 డిగ్రీలు చూపించినా వంతెనలను మాత్రం వేరుగానే చూడండి.

తొలిపొద్దు (గురువారం, మధ్యాహ్నం 1:40)

ఇల్లు చేరాను. 11:30కి బయలుదేరాను, మామూలుగా 25 నిమిషాలు పట్టేదానికి 50 నిమిషాలు పట్టింది. మూడు వంతెనల్లో రెండు పూర్తిగా ఆరిపోయి ఉన్నాయి. మూడోది రైలు కట్ట నీడలో ఉంది. దూరం నుంచి అది కూడా తడిసినట్టే కనబడింది గాని, ముందు వెళ్లే వ్యాను చక్రాల వెనుక తుంపర లేదు. దూరబాట గారి మాట గుర్తుకొచ్చి ఎక్కకముందే 20కి తగ్గించాను. సగంలో టైర్ల చప్పుడు ఆగిపోయింది, స్టీరింగు తేలికైంది. కాలు తీసి అలాగే ఉండిపోయాను. వ్యాను బ్రేకు దీపాలు వెలిగినప్పుడు నా కాలు కూడా దానంతటదే బ్రేకు మీదికి వెళ్లబోయింది. మా మధ్య చాలా ఖాళీ ఉందని చూసుకొని ఆపుకున్నాను. అవతలి ఒడ్డున మళ్లీ చప్పుడు వినబడింది.